మొదటి టర్న్‌టేబుల్ ఎంపిక: ముందు రికార్డులు చూసుకోండి, తర్వాత యంత్రం

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఈమధ్య టర్న్‌టేబుల్, అంటే రికార్డులను తిప్పి పాడించే యంత్రం, కొనాలని చూస్తున్నవారిలో రెండు రకాలవారు కనిపిస్తున్నారు. అటక మీది పాత రికార్డులను దింపి, దుమ్ము దులిపి, మళ్లీ వినాలనుకునేవారు ఒక రకం. ఇంట్లో ఒక్క రికార్డు కూడా లేకపోయినా, కొత్తగా వస్తున్న ఎల్‌పీలను, అంటే ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డులను, చూసి ముచ్చటపడి హైఫై వైపు వస్తున్నవారు మరో రకం. ఈ ఇద్దరి అవసరాలు వేరు కాబట్టి వారికి నప్పే యంత్రాలు కూడా వేరు. అయినా ఇద్దరూ మొదట అడిగేది మాత్రం ఏ కంపెనీది మంచిదని. కంపెనీ సంగతి చివరన తేల్చుకున్నా నష్టం లేదు. మీరు వినబోయే రికార్డులు ఏ రకానివి, ఇంట్లో ఇప్పటికే ఉన్న యాంప్లిఫయర్, స్పీకర్లు దేనికి పనికొస్తాయి, రికార్డు గాడిలో నడిచే ముల్లు అరిగిపోయిన రోజున కొత్త ముల్లు ఎక్కడ దొరుకుతుంది అన్న సంగతులు తేలితే, సగం యంత్రాలు వాటంతటవే జాబితాలో నుంచి తొలగిపోతాయి.

ఇంట్లో పాత రికార్డులు ఉన్నవారు ముందుగా వాటిని నేల మీద పరచి వేరుచేసుకోవాలి. 10 అంగుళాల వెడల్పుతో, చేతికి బరువుగా తగులుతూ, అంచుల్లో అక్కడక్కడా పెచ్చు లేచి ఉన్నవి 78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే, రికార్డులు. ఇవి లక్కలో రాతి పొడి కలిపి అచ్చువేసినవి. జారిపడితే వంగవు, పెంకులా పగులుతాయి. ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పాడతాయి. నాటక పద్యాలు, హరికథలు, 1950ల నాటి ఘంటసాల, జిక్కి, పి.లీల సినిమా పాటలు చాలావరకు మొదట ఈ రూపంలోనే ఇళ్లకు చేరాయి. 7 అంగుళాల చిన్న రికార్డులు 45 ఆర్‌పీఎం మీద తిరుగుతాయి. వాటిలో కొన్నింటికి నడుమ పెద్ద రంధ్రం ఉంటుంది కాబట్టి అడాప్టర్ బిళ్ల అవసరమవుతుంది. 12 అంగుళాల ఎల్‌పీ 33⅓ ఆర్‌పీఎం మీద ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్‌పీని 1948లోనూ, ఆర్‌సీఏ విక్టర్ 45ను 1949లోనూ విడుదల చేశాయి గాని, మన దేశంలో 78లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అచ్చవుతూనే వచ్చాయి. అందుకే ఒకే ఇంటి పెట్టెలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారం నుంచి వచ్చిన లక్క రికార్డులూ, వినైల్ (ప్లాస్టిక్) రికార్డులూ పక్కపక్కనే ఉండడం కద్దు.

ఈ వేరుచేత ఎందుకంటే, వేగం ఒక్కటి కలిసినంత మాత్రాన రికార్డు సరిగా పలకదు. 78 రికార్డు గాడి వెడల్పైనది. దానికి కొన 65 నుంచి 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్ధం ఉన్న ముల్లు కావాలి. ఎల్‌పీ, 45 రికార్డుల గాడి సన్నం. వాటికి వాడే గుండ్రని ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు ఉంటుంది. సన్నని ముల్లును 78 మీద పెడితే అది గాడి గోడలకు ఆనకుండా అడుగున పేరుకున్న మట్టిలో దొర్లుతుంది. పాట కంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది, ముల్లూ పాడవుతుంది. లావు ముల్లును ఎల్‌పీ మీద పెడితే పాడయ్యేది ఎల్‌పీ. కాబట్టి పెట్టె మీద మూడు వేగాల అంకెలు ముద్రించి ఉన్నంత మాత్రాన ఆ యంత్రం మూడు రకాల రికార్డులకూ సరిపోతుందని అనుకోకూడదు. రెండో ముల్లు దొరుకుతుందా, దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడగాలి.

ఇక యాంప్లిఫయర్ వైపు చూద్దాం. కొత్తవారి డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఇప్పటి టర్న్‌టేబుళ్లలో సర్వసాధారణమైన మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం) నుంచి వచ్చే సంకేతం నాలుగైదు మిల్లీవోల్టులే. సెల్‌ఫోన్, టీవీ, సీడీ ప్లేయర్ల నుంచి వచ్చేది దానికి వంద రెట్లు పైనే ఉంటుంది. అందుకని టర్న్‌టేబుల్ తీగలను నేరుగా ఆక్స్‌లో గుచ్చితే పాట ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నంత సన్నగా వస్తుంది. మన ఊళ్లలో స్థానికంగా బిగించి ఇచ్చే అసెంబుల్డ్ యాంప్లిఫయర్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటికి మైకు పెట్టే దారి కూడా ఉంటుంది కాబట్టి, సంకేతం చిన్నదైతే అక్కడ పెట్టి చూడమని మెకానిక్ సలహా ఇస్తాడు. శబ్దం పెద్దదవుతుంది, నిజమే. కాని అది రికార్డులో ఉన్న శబ్దం కాదు. రికార్డును కోసేటప్పుడు లోతైన స్వరాలను తగ్గించి, సన్నని స్వరాలను పెంచి గాడిలోకి ఎక్కిస్తారు. లేకపోతే గాడులు అతి వెడల్పై రికార్డులో పట్టవు, పైపెచ్చు ఉపరితలపు రొద పాటను మింగేస్తుంది. పాడించేటప్పుడు ఆ పనిని తిరగేయాలి. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ స్థిరపరచిన ఆర్‌ఐఏఏ కొలత ప్రకారం ఈ దిద్దుబాటు లోతైన స్వరాల కొసనా, సన్నని స్వరాల కొసనా ఇంచుమించు 20 డెసిబెళ్లు ఉంటుంది. దీన్ని చేసేదే ఫోనో ప్రీయాంప్. మైకు దారిలో ఈ దిద్దుబాటు ఉండదు కాబట్టి మద్దెల, బేస్ గిటార్ మాయమై, తాళాలూ సకారాలూ చెవిలో గుచ్చుకుంటాయి. ఇలా విని ‘రికార్డు శబ్దమంటే ఇంతే కాబోలు’ అని యంత్రాన్ని మళ్లీ అటకెక్కించినవారు ఉన్నారు.

కాబట్టి మీ యాంప్లిఫయర్ వెనుక ‘ఫోనో’ అని రాసి ఉన్న దారి, దాని పక్కనే భూమి తీగ బిగించే చిన్న మర ఉన్నాయేమో చూడాలి. పాత స్టీరియో యాంప్లిఫయర్లలో ఇది తరచుగా ఉంటుంది. హోమ్ థియేటర్ రిసీవర్లలో కొన్నింటికే ఉంటుంది. టీవీ కింద పెట్టే సౌండ్‌బార్‌లలో దాదాపుగా ఉండదు. లేనప్పుడు రెండు మార్గాలున్నాయి. ఫోనో ప్రీయాంప్ లోపలే ఉన్న టర్న్‌టేబుల్ కొనడం ఒకటి. విడి పెట్టె కొనడం మరొకటి; బెరింగర్ పీపీ400 వంటి చిన్న పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది, ఖరీదూ తక్కువే, తొలి దశకు చాలు. భూమి తీగ బిగించకపోతే గుయ్యిమనే రొద వస్తుంది. బిగించినా రొద పోకపోతే, టర్న్‌టేబుల్‌ను అనుమానించే ముందు ఇంటి ఎర్తింగ్‌ను చూపించుకోవాలి. పాత ఇళ్లలో మూడు కాళ్ల సాకెట్ ఉంటుంది కాని దాని వెనుక మూడో తీగ ఉండదు.

ఇప్పుడు యంత్రాల దగ్గరికి వద్దాం. అన్నింటికంటే తేలికగా దొరికేవి, ఎక్కువమంది బహుమతిగా ఇచ్చేవి సూట్‌కేసు ఆకారపు ప్లేయర్లు. స్పీకర్లు, యాంప్లిఫయర్ అన్నీ అందులోనే ఉంటాయి. పది వేల రూపాయల లోపే వచ్చేస్తాయి. మూత తెరిచి పెడితే గదికి అందంగానూ ఉంటాయి. వీటిలో సాధారణంగా సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, ముల్లు రికార్డు మీద 5, 6 గ్రాముల బరువుతో ఆనుతుంది. మంచి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు 2 గ్రాముల చుట్టుపక్కల చాలు. బరువును సరిచేసే ఏర్పాటు వీటిలో ఉండదు. స్పీకర్లు అదే పెట్టెలో అదురుతుంటాయి కాబట్టి ఆ అదురు ముల్లుకు తగిలి మళ్లీ స్పీకర్లలోకే చేరుతుంది. అలా జరగకుండా ఉండేందుకే కాబోలు, స్పీకర్లను బలహీనంగా చేసి ఊరుకుంటారు. ఒక్కసారి పాడిస్తే రికార్డు పాడైపోతుందని భయపెట్టను, అది అతిశయోక్తి. కాని ఇంకెక్కడా దొరకని నాన్నగారి కాలపు రికార్డును వారం వారం దీని మీద పెట్టడం నేను సమర్థించను. గెంతుతున్న ముల్లు మీద రూపాయి బిళ్ల పెట్టే పాత అలవాటు కూడా ఇక్కడే ప్రస్తావించాలి. 1990ల నాటి స్టీలు రూపాయి బరువు 4.85 గ్రాములు. ఇప్పటికే బరువెక్కిన ముల్లు మీద ఇంకో అంత బరువు మోపితే గెంతడం ఆగవచ్చు గాని, గాడి గోడలు బూడిదరంగుకు తిరిగిపోతాయి.

దాని పై మెట్టులో ఉన్నవి పూర్తి ఆటోమేటిక్ బెల్టు యంత్రాలు, అంటే రికార్డు పెట్టే పళ్లేన్ని మోటారు ఒక బెల్టుతో తిప్పేవి. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్, సోనీ పీఎస్-ఎల్‌ఎక్స్310బీటీ ఇందుకు తెలిసిన ఉదాహరణలు. వీటి ధర సాధారణంగా రూ.15,000 నుంచి 25,000 మధ్య ఊగుతుంటుంది. మీట నొక్కితే ముల్లును మోసే చేయి తానే లేచి రికార్డు మొదట దిగుతుంది, పాట అయిపోగానే తిరిగి తన చోటికి వెళుతుంది. చేయి వణికే పెద్దవాళ్లున్న ఇంట్లో, పిల్లలు తిరిగే ఇంట్లో ఈ సౌకర్యం విలువైనది. హైఫై అభిమానులు దీన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు నచ్చదు. ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంది కాబట్టి ఉన్న స్పీకర్ సెట్‌కు నేరుగా కలపవచ్చు. ఎల్‌పీ60ఎక్స్‌లో ముల్లు బరువు కర్మాగారంలోనే సుమారు 3 గ్రాములకు బిగించి ఉంటుంది, కొత్త ముల్లును వేళ్లతో లాగి మార్చుకోవచ్చు, అది ఖరీదైనదీ కాదు. పరిమితులు కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. కార్ట్రిడ్జ్‌ను మార్చలేరు, బరువును మార్చలేరు, 33, 45 తప్ప మూడో వేగం లేదు. అందువల్ల ఎల్‌పీలూ 45లూ మాత్రమే ఉన్న ఇంటికి, శబ్దం మీద పెద్దగా ప్రయోగాలు చేసే ఉద్దేశం లేనివారికి ఇది చక్కగా సరిపోతుంది. ఇంట్లో లక్క రికార్డులు ఉంటే మాత్రం ఇది సగం యంత్రమే. బ్లూటూత్ ఉన్న మోడల్‌కు అదనపు డబ్బు పెట్టడం అవసరమా అంటే, స్పీకర్లకు తీగ లాగలేని పరిస్థితి ఉంటే తప్ప అవసరం లేదు.

మూడో వర్గం డైరెక్ట్ డ్రైవ్ యంత్రాలు. వీటిలో బెల్టు ఉండదు. మోటారు ఇరుసు మీదే పళ్లెం తిరుగుతుంది. జపాన్ కంపెనీ టెక్నిక్స్ 1972లో తెచ్చిన ఎస్‌ఎల్-1200 ఈ జాతిలో ప్రసిద్ధమైనది. డీజేలు దాన్ని దశాబ్దాల పాటు వాడారు. మంచి స్థితిలో ఉన్న పాత 1200 ఇప్పుడు తొలి కొనుగోలుదారు ధరలో లేదు. దాని పోలికలో వచ్చిన ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ మాత్రం అందుబాటులో ఉంది, కాస్త అటూ ఇటూగా రూ.35,000–45,000 పెట్టుకోవాలి. ఉత్తర తెలంగాణలోని పాత రికార్డుల ఇళ్లకు నేను మొదట సూచించేది ఇదే. ఇది 33, 45, 78 మూడు వేగాల్లోనూ తిరుగుతుంది. వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికం కాపాడుతుంది. ముల్లు బరువునూ, ముల్లు లోపలికి ఈడ్చుకుపోకుండా ఆపే యాంటీ-స్కేట్‌నూ మనమే సరిచేసుకోవచ్చు. వీఎం95ఈ అనే కార్ట్రిడ్జ్ దీనితోనే వస్తుంది. ఆ కుటుంబంలో గుండ్రని ముల్లు మొదలు సన్నని మైక్రోలీనియర్ ముల్లు వరకు రకరకాలు దొరుకుతాయి, 78ల కోసం చేసిన లావు ముల్లు కూడా వాటిలో ఉంది.

ఈ యంత్రం మీద 78కు మారడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే దీని ఉపయోగం అర్థమవుతుంది. చేయి చివరన ఉన్న చిన్న కాలరును వదులు చేస్తే, కార్ట్రిడ్జ్ బిగించిన హెడ్‌షెల్ మొత్తం ఊడి చేతికొస్తుంది. ఎల్‌పీ కార్ట్రిడ్జ్ ఒక హెడ్‌షెల్ మీద, 78 కార్ట్రిడ్జ్ మరొక హెడ్‌షెల్ మీద ముందే బిగించి ఉంచుకుంటే మార్పు నిమిషం పని. మార్చిన తర్వాత యాంటీ-స్కేట్‌ను సున్నాకు తిప్పి, చేయి వెనుక ఉన్న బరువును ముందుకూ వెనుకకూ జరుపుతూ, చేయి ఏ వైపూ మొగ్గకుండా గాలిలో తేలినట్లు నిలిచేదాకా సర్దాలి. అప్పుడు బరువును కదపకుండా దాని మీది అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తెచ్చి, ఆ తర్వాత రెంటినీ కలిపి కార్ట్రిడ్జ్ కాగితంలో రాసిన గ్రాముల దగ్గరికి తిప్పాలి. వీఎం95ఈకి అది 2 గ్రాములు. అంకెల చక్రాన్ని పూర్తిగా నమ్మనక్కర లేదు. ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ కాటా కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దీనికున్న యూఎస్‌బీ దారిని కంప్యూటర్‌కు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో రికార్డులను ఫైళ్లుగా దాచుకోవచ్చు. పగిలే స్వభావం ఉన్న లక్క రికార్డులకు ఇది సరదా కాదు, అవసరం. లోపాలూ లేకపోలేదు: సుమారు 8 కిలోల బరువు, లోపలి ఫోనో ప్రీయాంప్ సాదాసీదాగా ఉండడం, లెక్కలేనన్ని మీటలు. ప్రీయాంప్‌ను వెనుక ఉన్న స్విచ్‌తో పక్కకు తప్పించి, మున్ముందు మంచి విడి పెట్టె వాడుకోవచ్చు.

నాలుగోది చేత్తో నడిపే బెల్టు యంత్రాల వర్గం. ఇంగ్లండ్‌లో 1973 నుంచి ఉన్న రేగా కంపెనీ ప్లానార్ 1, ఆస్ట్రియాకు చెందిన ప్రో-జెక్ట్ డెబ్యూ కార్బన్ ఈవో దీనికి నమూనాలు. వీటిలో లెక్కలేనన్ని మీటలు, దీపాలు, యూఎస్‌బీ వంటివి ఉండవు. పెట్టిన డబ్బంతా ఇరుసు, చేయి, పళ్లెం, కార్ట్రిడ్జ్‌లకే పోతుంది. నిశ్శబ్దమైన గదిలో మంచి స్పీకర్లతో విన్నప్పుడు, ఒక గాయని ఊపిరి తీసుకునే చోటు, వీణ తీగ మీటిన తర్వాత సన్నగిల్లే నాదం వీటి మీద మరింత విడిగా వినిపిస్తాయని నా అభిప్రాయం. ఇంట్లో ఎల్‌పీలే ఉండి, శబ్దమే ప్రధానమనుకునేవారు ఎల్‌పీ120ఎక్స్ కంటే ప్లానార్ 1కే మొగ్గు చూపడం సబబు. కాని ప్లానార్ 1లో 33 నుంచి 45కు మారాలంటే పళ్లెం ఎత్తి, బెల్టును వేళ్లతో జరపాలి. నాలుగు నిమిషాలకొకసారి మార్చే చిన్న రికార్డులు, మధ్యమధ్యలో ఎల్‌పీలు వినే ఇంట్లో ఇది రెండో రోజుకే విసుగు పుట్టిస్తుంది. దీనికి 78 వేగం లేదు, లోపల ఫోనో ప్రీయాంప్ లేదు. పాట అయిపోయాక లేచి వెళ్లి చేయి ఎత్తేదాకా ముల్లు చివరి గాడిలో తిరుగుతూనే ఉంటుంది. భోజనం చేసి, రికార్డు పెట్టి, కునుకు తీసే అలవాటు ఉన్నవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

పాత యంత్రాల మోజు వేరు. హెచ్‌ఎంవీ, ఫిలిప్స్ పెట్టె ప్లేయర్లు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో, పాత వస్తువుల దుకాణాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అవి తిరిగితే సంతోషమే గాని, తిరగడం వేరు, సరిగా పాడడం వేరు. లోపలి గ్రీజు గట్టిపడి వేగం పడిపోయి ఉంటుంది. మోటారు నుంచి పళ్లేనికి వేగాన్ని అందించే రబ్బరు చక్రం ఎండి, ఒకచోట నొక్కుకుపోయి, తిరిగిన ప్రతిసారీ టకటకమంటుంది. కార్ట్రిడ్జ్ సెరామిక్ లేదా క్రిస్టల్ రకం కాబట్టి బరువుగానే ఆనుతుంది. హనుమకొండలోనో వరంగల్‌లోనో పాత రేడియోలు బాగుచేసే చేయి తిరిగిన మెకానిక్ మీకు తెలిసి ఉంటే, యంత్రం ఇంటిదే అయితే, దాన్ని బాగుచేయించి గుర్తుగా ఉంచుకోండి. మొదటి హైఫై యంత్రంగా బయట కొనకండి. ఇత్తడి బూర ఉన్న గ్రామఫోన్ల గురించి ఒక్క మాట: అలంకారం కోసం కొత్తగా చేసి పాతవిగా అమ్మేవి చాలా ఉన్నాయి. అసలైనదే అయినా, దాని ఉక్కు ముల్లును 78 రికార్డు ఒక్కో వైపుకూ మార్చాలి, ఎల్‌పీని దాని దరిదాపుల్లోకి కూడా రానివ్వకూడదు.

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వస్తూ తెచ్చిపెడతామంటే కాదనలేని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అక్కడ ధర తక్కువగా ఉండవచ్చు. కొనే ముందు విద్యుత్ అడాప్టర్ మీది చిన్న అక్షరాలను ఫోటో తీసి పంపమనండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే చింత లేదు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉండి, లోపల ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు పౌనఃపున్యాన్ని, అంటే హెర్ట్జ్‌ను బట్టి వేగం మారేది) ఉంటే, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వేగం సరిపడదు. మన 50 హెర్ట్జ్ మీద అది ఆరో వంతు నెమ్మదిగా తిరిగి, 33⅓ కాస్తా సుమారు 27.8 అవుతుంది. మన గ్రిడ్ పౌనఃపున్యాన్ని 49.90–50.05 మధ్య నిలపాలన్న నిబంధన ఉంది కాబట్టి, ఇక్కడి కోసం చేసిన యంత్రాలకు కరెంటు వల్ల శ్రుతి మారుతుందన్న దిగులు అక్కరలేదు. చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ మీద ఏసీ మోటారు యంత్రాన్ని నడిపితే మాత్రం గుర్రుమంటుంది. కరెంటు వచ్చేదాకా ఆగడమే మేలు.

డబ్బు పంచుకునే విషయంలో నా సలహా కొంచెం నిక్కచ్చిగా ఉంటుంది: మొత్తంలో సగానికి మించి టర్న్‌టేబుల్ మీద పెట్టకూడదు. చేతిలో 30,000 రూపాయలు ఉంటే, ఎల్‌పీ60ఎక్స్ వంటి ఆటోమేటిక్ యంత్రం, ఎడిఫయర్ ఆర్1280 వంటి యాంప్లిఫయర్ లోపలే ఉన్న ఒక జత స్పీకర్లు కొంటే పూర్తి వ్యవస్థ అవుతుంది. అదే డబ్బంతా యంత్రం మీద పెట్టి, దాన్ని పెళ్లి ఊరేగింపు డీజే పెట్టెకో, టీవీ సౌండ్‌బార్‌కో తగిలిస్తే ఖరీదైన ముల్లు పట్టుకున్నదంతా అక్కడే పోతుంది. ఇంట్లో ఫోనో దారి ఉన్న మంచి పాత స్టీరియో యాంప్లిఫయర్, స్పీకర్లు ఉన్నవారిది అదృష్టం. వారు మొత్తాన్ని యంత్రం మీద పెట్టవచ్చు.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్నదానికి బయటి దేశాల సలహాలు మనకు యథాతథంగా పనికిరావు. చెక్క నేలల మీద నడిస్తే ముల్లు గెంతుతుంది కాబట్టి వాళ్లు గోడకు షెల్ఫు కొట్టమంటారు. సిమెంటు స్లాబు మీద షాబాదు బండలో, గ్రానైటో పరచిన మన ఇళ్లలో నేల అదరదు; అదిరేది బల్ల. స్పీకర్లను అదే బల్ల మీద పెట్టకుండా ఉంటే చాలా సమస్యలు తీరుతాయి. కరీంనగర్ దారిలోని రాళ్ల కటింగ్ యూనిట్లలో 18 మిల్లీమీటర్ల గ్రానైటు తునక ఒకటి తెచ్చుకుని, దాని కింద మందపాటి రబ్బరు బిళ్లలు పెట్టి, పైన యంత్రాన్ని ఉంచితే వేలల్లో అమ్మే ప్రత్యేక పీటల అవసరం రాదు. యంత్రం సమతలంగా ఉందో లేదో మేస్త్రీ వాడే రసమట్టాన్ని పళ్లెం మీద రెండు దిక్కులా పెట్టి చూడాలి. ఫ్యాను కింద మూత లేకుండా వదలకూడదు. బొగ్గు గనుల వైపు, గ్రానైటు క్వారీల వైపు ఉండేవారు రికార్డు పెట్టే ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తుడవాలి. ఆ దుమ్ము గాడిలో గరుకు కాగితంలా పనిచేస్తుంది. మాసిన వినైల్‌ను డిస్టిల్డ్ నీటితో మెత్తని గుడ్డ తడిపి శుభ్రం చేయవచ్చు. లక్క రికార్డుల మీద స్పిరిట్ గాని, ఆల్కహాల్ ఉన్న ఏ ద్రవం గాని వాడకూడదు. లక్క అందులో కరిగిపోతుంది.

హైదరాబాద్ నుంచి కొని తెచ్చుకునేవారు వీలైతే ఎండలు ముదరకముందే ఆ పని ముగించుకోవాలి. వినైల్‌కు ఎండ పడదు. రామగుండం, భూపాలపల్లి వైపు మే నెలలో మూసి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటగలదు, ఆ వేడికి ఎల్‌పీ అంచు అలలా వంగిపోతుంది. రికార్డులను నిలువుగా పేర్చి, ఎండ తగలని నీడలో తేవాలి. యంత్రాన్ని దాని సొంత అట్టపెట్టెలోనే తేవాలి: వెనుక బరువు తీసి, పళ్లెం విడిగా చుట్టి, చేతిని దాని ఊతకు కట్టి, ముల్లు తొడుగు బిగించి. ఆ అట్టపెట్టెను పారేయకండి, సర్వీసుకు మళ్లీ హైదరాబాదే పంపాల్సి వస్తుంది. వజ్రపు ముల్లు 500 నుంచి 1,000 గంటల వరకు మన్నుతుంది, రోజుకో ఎల్‌పీ వినే ఇంట్లో అది రెండు నుంచి నాలుగేళ్ల మాట. సెకండ్ హ్యాండ్ యంత్రం కొంటే పాత ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో అమ్మేవారికే తెలియదు కాబట్టి, కొత్త ముల్లు ధరను బేరంలోనే తగ్గించుకుని, అది వచ్చేదాకా ఇంటి రికార్డును దాని మీద పెట్టకుండా ఆగాలి.